మిట్టమధ్యాహ్నం నీడ ఎటు పడుతుంది?

రిటైరైన మరుసటి రోజు పొద్దున్నే లేచి, ఇక ఈరోజు ఎవరికీ ఏమీ నేర్పక్కర్లేదు అనుకోగానే నా ప్రాణానికి హాయిగా అనిపించింది. చాలామంది మేష్టర్లకు ఆ రోజు దిగులేస్తుందని విన్నాను. నాకు వేయలేదు. ముప్పై ఏళ్లకు పైగా సైన్సు చెప్పాను, అదీ ఎక్కువ భాగం పావగడ తాలూకాలోనే. అంతకాలమూ నన్ను పీడించిన భయం ఒకటే. నేను చెప్పిన తప్పు వల్ల ఒక పిల్ల చూడటం, అడగటం మానేస్తే? అది ఒకసారి దాదాపు జరిగిపోయింది. ఎలా జరగబోయిందో, ఎలా తప్పిందో కొత్తగా ఈ ఉద్యోగంలోకి వస్తున్న మీకోసం రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, శిక్షణ శిబిరాలు ఇందులో ఉండవు. వాటి గురించి మీకు ఎటూ ఎవరో ఒకరు చెబుతారు.

ఊరి పేరు కూడా చెప్పను. బలసముద్రం వైపు, సోలార్ పార్కు అంచున ఉన్న ఒక సర్కారు హైస్కూలు అనుకోండి చాలు. నేను చేరిన కొత్తలో తరగతి కిటికీలోంచి వేరుశనగ చేలు కనిపించేవి. తరువాత కనుచూపు మేర సోలార్ ప్యానెళ్లు వచ్చాయి. మా ఊళ్లలో వాటిని ప్లేట్లు అంటారు. చేలు ఇచ్చిన రైతుల పిల్లలు, ఆ ప్లేట్లు కడిగే కూలీల పిల్లలు, గొర్రెలు మేపేవాళ్ల పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లు.

‘అంట’, ‘చూసినా’

మాది సరిహద్దులో కన్నడ వైపు ఉన్న తాలూకా కాబట్టి బడిలో పాఠాలు కన్నడలో జరుగుతాయి. ఇంట్లో మాట తెలుగు. పిల్లలు తెలుగులో ఆలోచించి కన్నడలో రాస్తారు. సైన్సుకు ఇదే పెద్ద అడ్డంకి అని కొత్తలో నేనూ అందరిలాగే సణిగేవాణ్ని. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇద్దరు ఆడపిల్లలు వాదించుకోవడం నా చెవిన పడింది.

“సోలారు వచ్చినంక మబ్బులు రావంట.”

“ఎవురు చెప్పినారు?”

“మా మామ చెప్పినాడు.”

“మీ మామ చూసినాడా?”

“లేదు, ఆయప్పకు ఎవురో చెప్పినారంట.”

ఎంత చక్కటి విచారణ! అదే పిల్లలు తరగతిలోకి వచ్చి నోట్సు తెరవగానే ఈ ‘అంట’ మాయమైపోతుంది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంది. నీరు నూరు డిగ్రీల దగ్గర మరుగుతుంది. అన్నీ తామే స్వయంగా వెళ్లి చూసొచ్చినట్టు రాస్తారు. విన్నదానికీ కన్నదానికీ తేడా చూపే మాట తెలుగులో ‘అంట’గా ఉంది, కన్నడలో ‘అంతె’గా ఉంది. రెండు భాషల్లోనూ ఉన్న ఆ మాటను బడి గేటు బయట వదిలి రమ్మని చెప్పింది మనమే. (సోలారుకూ మబ్బులకూ సంబంధం ఉందా అని నన్ను చాలామంది అడిగారు. నా దగ్గర కొలతలు లేవు కాబట్టి తెలియదనే చెప్పాను.)

మరుసటి రోజే ఒక పద్ధతి పెట్టాను. నా క్లాసులో ఏ సంగతి చెప్పినా చివర రెండు మాటల్లో ఒకటి ఉండాలి. చదివింది, విన్నది అయితే ‘అంట’. కళ్లారా చూసింది, చేత్తో కొలిచింది అయితే ‘చూసినా’, అంటే నేను చూశాను అని. మొదటి వారమంతా నవ్వులాట. హాజరు పిలిస్తే “వచ్చినానంట సార్” అనేవాళ్లు. నెల తిరిగేసరికి మాత్రం ఒకరి మాటను ఒకరు పట్టుకోవడం మొదలైంది. “చూసినా అంటాండావే, ఎప్పుడు చూసినావు, ఎన్నిసార్లు చూసినావు?” అని నిలదీసేవాళ్లు. ‘అంట’ అంటే అబద్ధం అని కాదర్థం. ప్రపంచంలో మనం చూడలేనివే ఎక్కువ. ఏది విన్నామో, ఏది చూశామో మనకు తెలిసి ఉంటే సగం సైన్సు వచ్చినట్టే.

ల్యాబ్ లేదని ఏడవకండి. నేను పనిచేసిన బడుల్లో ల్యాబ్ అంటే తాళం వేసిన ఒక బీరువా, దాని తాళంచెవి సెలవులో ఉన్న గుమాస్తా దగ్గర. విజ్ఞాన ప్రదర్శనల కోసం థర్మాకోల్ అగ్నిపర్వతాలు చేయించి బహుమతులు కొట్టేసే మేష్టర్లను కూడా చూశాను. అది చేతిపని. మంచిదే, కానీ దాన్ని సైన్సు అనకండి.

తొంభై ఎనిమిది

ఒకసారి తనిఖీకి ఒక అధికారి వచ్చారు. ముందు బెంచీలోని పిల్లను లేపి, నీరు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతుంది అని అడిగారు.

“నూరు అంట సార్. మేం చూసింది తొంభై ఎనిమిది,” అంది ఆ పిల్ల.

అధికారి నా వైపు చూశారు. మా హెడ్మాస్టరు చేతిరుమాలు తీసి మెడ తుడుచుకున్నారు. ఆయన మంచివాడే గానీ తనిఖీ అంటే ఆయనకు మహా భయం. నేను థర్మామీటరు తీసుకుని అధికారిని వంటగదికి పిలుచుకుపోయాను. పిల్లల అన్నానికి పెట్టిన ఎసరు పొయ్యి మీద తెర్లుతోంది. ఆయన కళ్లద్దాలు సవరించుకుని స్వయంగా చూశారు. పాదరసం తొంభై ఎనిమిది దగ్గరే ఆగిపోయింది. మా ప్రాంతం సముద్ర మట్టానికి బాగా ఎత్తున ఉంది, ఎత్తు పెరిగేకొద్దీ నీరు కాస్త ముందుగానే మరుగుతుంది అని వివరించాను. ఆయన పుస్తకంలో సంతకం పెట్టి వెళ్లిపోయారు.

“ఏందప్పా మేష్ట్రూ, నూరు అని చెప్పించేదానికి నీకేం కష్టం? నా గుండె ఆగిపోయినంత పనైనాది,” అన్నారు హెడ్మాస్టరు.

ఆ రోజు నుంచి నాకు కొంచెం తలకెక్కింది. తాలూకా మొత్తంలో పిల్లలకు ఆలోచించడం నేర్పేవాణ్ని నేనొక్కణ్నే అనుకున్నాను. మీకూ ఎప్పుడో ఒకప్పుడు ఇలాగే ఒక మంచిరోజు వస్తుంది. ఆ తరువాతి ఏడాది జాగ్రత్తగా ఉండండి.

నా ఎర్ర ఇంకు

ఆ తరువాతి ఏడాదే తొమ్మిదో తరగతిలోకి నాగరత్న వచ్చింది. క్లాసులో ఎక్కువ మాట్లాడే పిల్ల కాదు. తండ్రి ఈరన్నకు గొర్రెలున్నాయి. తల్లి తిప్పక్క సోలార్ పార్కులో ప్లేట్లు కడిగే పనికి పోయేది.

జూన్ నెలలో నేనొక పని ఇచ్చాను. ఇంటి దగ్గర మీటరు పొడవు కర్రను ఎండలో నిలబెట్టి, పదకొండు నుంచి ఒంటిగంట దాకా పది నిమిషాలకోసారి నీడ కొసన గుర్తు పెట్టాలి. అన్నిటికన్నా పొట్టి నీడ ఎంత పొడవుందో, ఏ దిక్కున పడిందో రాయాలి. రెండు ఆదివారాలు చేసుకురమ్మన్నాను.

తరగతిలో అందరూ నేను పాఠంలో చెప్పినట్టే ‘ఉత్తరం’ అని రాసుకొచ్చారు. అందరికీ రైటు వేశాను. నాగరత్న ఒక్కతే ‘దక్షిణం, పదహారు సెంటీమీటర్లు’ అని రాసింది.

“దిక్కులు తెలీవా నీకు? ఉత్తరం రాయల్సిన కాడ దక్షిణం రాసినావే,” అన్నాను.

“దక్షిణానికే పడినాది సార్. చూసినా.”

“కిటికీలోంచి చూడు. ఆ ప్లేట్లన్నీ యాపక్కకు తిరిగి ఉండాయి?”

“దక్షిణానికి సార్.”

“ఎందుకు? సూర్యుడు ఆపక్కన ఉంటాడు కాబట్టి. సూర్యుడు దక్షిణాన ఉంటే నీడ ఉత్తరానికి పడల్ల. అన్ని ప్లేట్లు పెట్టిన ఇంజనీర్లకు తెలీంది నీకు తెలిసిందా?”

పిల్లలు గొల్లున నవ్వారు. ఆ నవ్వు నాకు బాగుంది కూడా. నాగరత్న కూర్చోలేదు.

“సార్, ఉత్తరానికి పడతాదని మీరు చూసినారా, అంటనా?” అని అడిగింది.

మధ్యాహ్నం నీడ ఉత్తరానికి పడుతుందన్నది నేను బడిలో చదువుకునే రోజుల్లో మా మేష్టారు రాయించిన నోట్సులోని వాక్యం. నేనెన్నడూ చూడలేదు. ఆ సంగతి నాకు ఆ క్షణంలోనే తెలిసింది. అయినా “కూర్చో” అని కసిరి, ఆమె రాసిన దాని మీద ఎర్ర ఇంకుతో అడ్డంగా గీత కొట్టి, పక్కన ‘ఉత్తరం’ అని రాసిచ్చాను. నా ఉద్యోగంలో నేను చేసిన అన్నిటికన్నా చెడ్డ పని అదే. పిల్లల్ని కొట్టిన రోజులు కూడా ఉన్నాయి, వాటికన్నా ఇదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

వారం తిరక్కుండానే నాగరత్న బడికి రావడం మానేసింది. “ఆ ఇంట్లో పెద్దపిల్లలంతా గొర్లకాడికే పోయినారులేప్పా,” అన్నారు హెడ్మాస్టరు. నాకూ ఆ మాట అనుకూలంగా ఉంది. నమ్మేశాను.

తిప్పక్క చెప్పిన నీడ

జూలై సగం దాటాక హాజరు లేదని కబురు పంపితే తిప్పక్క వచ్చింది. పని నుంచి నేరుగా వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్లు ఇంకా తడిగా ఉన్నాయి.

“నా కూతురు రాదంట అయివారా,” అంది. “సూసింది రాస్తే తప్పు, సూడకుండా రాసినోళ్లకు రైటు. అట్లయితే నాకు ఇస్కూలు ఎందుకు, గొర్లే మేలంటాది.”

“నువ్వన్నా చెప్పకూడదా తల్లీ, నీడ ఉత్తరానికే పడతాదని?”

“నేనెట్ల చెప్తా? నేనూ దినామూ సూస్తాండాను కదా. సలికాలంలో ప్లేట్ల యెనకపక్క కూర్చోని బువ్వ తింటాం. నలుగురు కూర్చునేంత నీడ ఉంటాది. ఇప్పుడు అదే జాగాలో కూర్చుంటే నెత్తిమీద ఎండ. ప్లేటు కిందికి దూరి, వంగి తినల్ల. నీడ ఆపక్క నుంచి ఈపక్కకు జరిగినాది. సూర్యుడు జరగకుండా నీడ ఎట్ల జరుగుతాది అయివారా?”

బడి ముఖం చూడని మనిషి నిలబడి నాకు పాఠం చెప్పింది.

మరుసటి రోజు మధ్యాహ్నం బడి వెనక కర్ర నాటాను. మబ్బు. రెండో రోజూ మబ్బే. మూడో రోజు ఎండ కాసింది. పన్నెండు దాటి ఇరవై అయిదు నిమిషాలకు, మా దగ్గర సూర్యుడు ఆ రోజుకు అన్నిటికన్నా ఎత్తుకు వచ్చే సమయానికి, కర్ర నీడ అరచేతి వెడల్పు కన్నా కొంచెం ఎక్కువ ఉంది. దిక్సూచి పెట్టి చూశాను. దక్షిణం. మరో రెండు రోజులు చూశాను. దక్షిణమే.

అప్పుడు తీరిగ్గా ఆలోచిస్తే అంతా స్పష్టంగా ఉంది. మా తాలూకా కర్కటక రేఖకు బాగా దక్షిణాన ఉంది. ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు నడిమి దాకా మధ్యాహ్నపు సూర్యుడు మాకు ఉత్తరం వైపు ఉంటాడు. మిగతా నెలల్లో దక్షిణాన ఉంటాడు. ప్లేట్లు పెట్టినవాళ్లు ఏడాది మొత్తం లెక్క చూసుకుని వాటిని దక్షిణానికి తిప్పారు. ఆ లెక్కను తీసుకొచ్చి జూన్ నెలకు అంటగట్టింది నేను. కర్కటక రేఖ పాఠం నేనే చెప్పేవాణ్ని. దాన్ని ఒక్కనాడూ మా బడి ఆవరణలోకి తెచ్చుకోలేదు. ఎన్నేళ్లు, ఎంతమంది పిల్లలకు ఆ తప్పు చెప్పానో తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోయాను. వాళ్లలో ఒక్కరూ బయటికి వెళ్లి చూడలేదు, లేదా చూసినా నాతో చెప్పలేదు.

గొర్రెల దగ్గర

ఆగస్టు మొదటి ఆదివారం వెతుక్కుంటూ వెళ్లాను. పార్కు కంచెకు అవతల బీడులో గొర్రెలు మేస్తున్నాయి. నాగరత్న ఒక రాతి మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది గానీ నవ్వలేదు.

“తప్పు నాది నాగరత్నా. నీడ దక్షిణానికే పడతాంది. మూడు దినాలు చూసినా,” అన్నాను.

“ముందే చూసింటే బాగుండు సార్.”

అంతే అంది. అప్పుడు చూశాను, ఆమె కాళ్ల దగ్గర నేలలో ఒక గుంట, దానికి దక్షిణంగా వరుసగా పేర్చిన గులకరాళ్లు. చేతిలో గొర్రెలు తోలే కర్ర నేను కొలిచి నాటమన్న మీటరు కర్రే.

“ఇంకా కొలుస్తాండావా?”

“ఊరికే కూర్చుంటే పొద్దు పోదు కదా సార్.” ఒక్కో రాయినీ కర్ర కొసతో చూపించింది. “జూన్ ఆఖరుకు ఎనిమిది వేళ్లు ఉండె. మొదట నిదానంగా తగ్గినాది. ఇప్పుడు బిరబిరా తగ్గుతాండాది, వారానికి రెండు వేళ్లు. ఇప్పటికి మూడున్నర ఉండాది. ఈ లెక్కన జెండా పండగకు అయిపోతాది సార్.”

“ఏం అయిపోతాది?”

“నీడ. నీడే ఉండదు.”

ఎవరూ చెప్పకుండా, పుస్తకం లేకుండా, గొర్రెల మధ్య కూర్చుని ఆ పిల్ల రాబోయేది లెక్క కట్టింది. నా జీవితమంతా నేను పిల్లల నుంచి రప్పించాలనుకున్నది అదే. అది వచ్చింది, కానీ నా క్లాసులో కాదు.

“ఆ మాట బడిలో అందరికీ చూపిద్దాం, రా,” అన్నాను.

“అట్ల కాకపోతే? మళ్ల ఎర్ర ఇంకు పెడతారా?”

“కాకపోతే కాలేదని రాద్దాం. ఎందుకు కాలేదో చూద్దాం.”

“ఆ ఒక్క దినమే వస్తా సార్,” అంది. బతిమాలితే ఆ ఒక్క రోజు కూడా పోతుందేమోనని భయపడి సరేనన్నాను.

జెండా పండగ

జెండా వందనం అయిపోయి మిఠాయిలు పంచాక పిల్లల్ని ఇళ్లకు పంపకుండా ఆపమన్నాను. “ఎండలో పిల్లోల్లను నిలబెట్టి ఏం చూపిస్తావప్పా, నీడ లేకపోవడమా?” అని హెడ్మాస్టరు విసుక్కున్నారు. విసుక్కుంటూనే కుర్చీ తెప్పించుకుని వరండాలో కూర్చున్నారు.

ముందు తొమ్మిదో తరగతి వాళ్లందరినీ పిలిచి జూన్ నెల నోట్సులు తెప్పించాను. నాగరత్న నోట్సులో నా గీత పక్కన ఎర్ర ఇంకుతోనే రైటు వేసి, ‘మేష్టరు తప్పు’ అని రాసి సంతకం పెట్టాను. మిగతా నోట్సుల్లో ఉత్తరానికి నేను వేసిన రైట్లన్నీ కొట్టేశాను. “మా రైట్లు పోయినాయి సార్!” అని ఒకటే గోల. చూడకుండా రాసినందుకు వాళ్లకు, చూడకుండా వేసినందుకు నాకు, ఇద్దరికీ శిక్ష అన్నాను. తప్పు ఒప్పుకుంటే పిల్లల దగ్గర పరువు పోతుందని మీకు పెద్ద మేష్టర్లు చెబుతారు. నాకు పోలేదు. ఆ తరువాత పిల్లలు నన్ను ఇంకాస్త ఎక్కువ ప్రశ్నలు అడిగారు, అంతే.

జెండా స్తంభాన్ని చూద్దామని నా ఉద్దేశం. నాగరత్న దారానికి రాయి కట్టి స్తంభం పక్కన వేలాడదీసి, “ఇది ఒరిగి ఉండాది సార్, పనికిరాదు,” అంది. హెడ్మాస్టరుకు కోపం వచ్చింది, ఆ స్తంభం ఆయన దగ్గరుండి నాటించింది. ఆమె తన కర్రనే తెచ్చి, నాలుగు పక్కలా దారం పట్టి చూసి, నిలువుగా నాటింది. ప్లేట్ల పనికి సెలవు కావడంతో తిప్పక్క, ఆమెతో పనిచేసే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు గోడ దగ్గర నిలబడ్డారు.

పన్నెండుంబావుకు మబ్బు కమ్మింది. వాన కోసం అందరూ ఆకాశం కేసి చూసే ఊళ్లో మబ్బు తొలగిపోవాలని మొక్కుకున్నవాణ్ని ఆ రోజు నేనొక్కణ్నే అయి ఉంటాను. నిమిషాలు గడుస్తున్నాయి. ఇప్పుడు ఎండ రాకపోతే పిల్ల మళ్లీ అందరి ముందూ నవ్వులపాలవుతుంది, తిరిగి గొర్రెల దగ్గరికి పోతుంది, ఇక నేను వెళ్లి పిలిచినా రాదు. నాగరత్న మాత్రం కర్ర పక్కన గొంతుక్కూర్చుని కదలకుండా నేలకేసి చూస్తోంది.

పన్నెండు ఇరవై నాలుగుకు ఎండ వచ్చింది. కర్రకు నీడ లేదు. కర్ర మొదలు దగ్గర కాస్త మసకగా ఉంది, అంతే. దక్షిణానా లేదు, ఉత్తరానా లేదు.

పిల్లలు ఎవరి కాళ్ల కింద వాళ్లు నీడ వెతుక్కుంటూ గెంతడం మొదలుపెట్టారు. హెడ్మాస్టరు కుర్చీలోంచి లేచొచ్చి, చెప్పులు విడిచి, కర్ర చుట్టూ ఒకసారి తిరిగి, “లేదు కదప్పా!” అన్నారు. నేను వెళ్లి జెండా గద్దె మీద కూర్చున్నాను.

అయినా మేష్టరు బుద్ధి ఎక్కడికి పోతుంది? లేచి గొంతు సవరించుకుని, “ఇంక రేపటి నుంచి నీడ ఉత్తరానికి పడతాది పిల్లలూ,” అని ప్రకటించాను.

నాగరత్న దారం చుట్టుకుంటూ తలెత్తింది. “నాలుగు దినాలు ఈడనే కొలిచి చెప్తా సార్,” అంది.

ఆ ఒక్క రోజే వస్తానన్న పిల్ల. నేను తిప్పక్క వైపు చూశాను. కూతురు కర్రను నేలలోంచి పెకలించబోతుంటే ఆమె గోడ దగ్గర నుంచి రెండడుగులు ముందుకు వచ్చింది.

“ఉండనీ, పీకొద్దు,” అంది. “గొర్లకు మీ నాయన ఇంకో కర్ర కొట్టుకుంటాడులే.”